బాకీ

చిల్లర లేదు, రేపిస్తానని
లోపలికెళ్ళాడు కురమోతో.
ఒసాకా వీధి స్నానశాలలో
వేడినీళ్ళ గట్టున ఒరిగిపోయాడు.

కౌంటరు వదిలి మగవాళ్ళ వైపు పరుగెత్తింది తోకియే,
అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో.
ఊపిరి లేదు.
రెండు చేతులూ ఛాతీమీద,
ఒకటి, రెండు, ముప్పై...
కింద ఏదో పుల్లలా విరిగింది.
ఆపలేదు.

పెట్టె ఎవరో తెచ్చారు.
తడి ఒంటికి ప్యాడ్లు అంటవు;
పసివాణ్ణి తుడిచినట్టు తుడిచింది.
షాక్. మళ్ళీ చేతులు.
ఎవరూ కట్టని కుళాయి
పారుతూనే ఉంది.

ఐదు వారాలకి వచ్చాడు
పక్కటెముకలు పట్టుకుని.
"దగ్గితే నువ్వే గుర్తొస్తావు."
పాత బాకీ బల్లమీద పెట్టాడు.
"సగం చాలు,
స్నానం సగంలోనే ఆగిందిగా."
నవ్వబోయి నొప్పికి ఆగాడు.

అతను లోపలికెళ్ళాక
నీళ్ళ చప్పుడు ఆగినప్పుడల్లా
లెక్కల పుస్తకం మీంచి
తలెత్తింది తోకియే.