వరసలో చెప్పు

జీటీ రోడ్డులో కొత్త ఫోను దిగుతాదని
వారం రోజులు ఆటోకి మైకు కట్టి శ్రీకాకుళమంతా తిప్పారు.
దానికి ఎన్ని కళ్ళో, ఎంత పలచనో,
మైకువోడు చెప్పిందేటీ నా బుర్రకెక్కలేదు.
ఎక్కింది ఒకటే:
రాత్రి పదకొండు నుంచి పొద్దున్న తొమ్మిది దాకా
కాంట్రాక్టరు గారబ్బాయి బదులు నాను నిలబడాల.
నాలుగొందలు. టీ డబ్బులు వేరే.

నిలబడ్డం నాకు కొత్తేటి కాదు.
కిరసనాయిలు డబ్బాతో నిలబడ్డాను.
నోట్లు చెల్లవన్న ఏడాది బేంకు మెట్ల మీద
మా అత్త పాసుబుక్కు పట్టుకుని నిలబడ్డాను.
తిత్లీ గాలి కొబ్బరిచెట్లని నమిలి ఊసిన మర్నాడు
నీళ్ళ టేంకరు వెనకాల బిందెతో పరిగెత్తి మరీ నిలబడ్డాను.
అక్కడ ఎవరి మొకంలోనూ ఇంత వెలుగు లేదు.
ఇక్కడ ప్రతివోడి గెడ్డం కిందా ఒక నీలం దీపం.
చేతిలో ఫోను చూసుకుంటా
ఫోను కోసం కాసుకున్నారు.

నా వెనకాల గుంటడు దాలినాయుడు.
పలాస జీడి బట్టీలో పని, ఆఖరి బస్సుకి దిగాడు.
గింజలు కొట్టీ కొట్టీ, జీడి చమురు తినీసి
వాడి వేళ్ళు గాజుగోళీల్లా నున్నబడిపోనాయి.
రేషను మిషను మీద పెడితే మనిషి లేడంటాదట.
పాత ఫోను మీద పెడితే నువ్వెవరంటాదట.
"దీనికి వేలు అక్కర్లేదప్పా, మొకం చాలు.
చీకట్లోనైనా పోల్చుకుంటాది" అన్నాడు,
కుదిరిన సంబంధం గురించి చెప్పినట్టు
నేలచూపులు చూస్తా.

మూడింటికి కాంప్లెక్సు దాకా ఎల్లొస్తానని
నా జాగాలో ఎడమకాలి చెప్పు ఇడిచాను.
వరసల ధర్మం అది.
రాయైనా, సంచైనా, చెప్పైనా మనిషితో సమానం.
కుర్రోళ్ళు నవ్వారు.
దాలినాయుడొక్కడే దాని పక్కన గొంతుక్కూచుని
నేనొచ్చేదాకా కాపలా కాసాడు.
వచ్చాక తొడుక్కోలేదు. పాదం పొంగీసింది.

తెల్లారగట్ల తప్పెటగుళ్ళోళ్ళు దిగారు.
గుండెల మీద రేకులు మోగించి గంతులేసి
దేముడి పేరు రావల్సిన చోట కంపెనీ పేరు పాడారు.
నోరు తిరక్క ముసలాయన రెండుసార్లు తడబడి
మూడోసారి "గోవిందా" అనీసాడు.

తొమ్మిదికి పావు తక్కువలో నిహాల్ బాబు దిగాడు,
సబ్బు వాసనతో.
నాను పక్కకి జరిగాను, ఆయన నా జాగాలో ఇమిడిపోనాడు.
రాత్రంతా నిలబడ్డ నా కాళ్ళ వేడి
ఆ బండల్లో ఇంకా ఉండే ఉంటాది.

రిబ్బను తెగింది.
ఎవడో ఓ అని అరిచాడు,
ఊరంతా అరిచింది,
ఎందుకో నానూ అరిచాను.
కళింగపట్నం కెరటంలాగ జనం
గాజు తలుపు మీద పడ్డారు.

దాలినాయుడు బయటికొచ్చి
డ్రైనేజీ పలక మీదే పెట్టె ఇప్పీసాడు.
మొకానికెదురుగా పట్టుకుని
కుడికి, ఎడమకి, దిష్టి తీయించుకున్నట్టు తిరిగాడు.
లోపలేదో తాళం ఊడింది.
"అప్పా, నన్ను పోల్చింది!"
మళ్ళీ మూసాడు, మళ్ళీ మొకం చూపించాడు,
పదిసార్లు, పదిహేనుసార్లు
అడిగిందే అడిగాడు దాన్ని:
నానెవర్ని, నానెవర్ని.

నా చెప్పు దొరకలేదు.
తారు కాలక ముందే బలగ చేరాలని
కుంటుకుంటా, సందు నీడల్లోంచి ఎల్లిపోనాను.
నాలుగొందల్లో నూటిరవై కొత్త జతకి.
మూణ్ణెల్లకి ఇంకోటి దిగుతాదట, ఈసారి ఐదొందలు అడగాల.

మర్నాడు పేపర్లో ఫొటో ఏసారు.
మెడలో దండతో నిహాల్ బాబు,
రాత్రంతా వేచి చూసిన తొలి కొనుగోలుదారు అట.
కింద మూలన ఎవడిదో బూటు పక్కన
ఊదారంగు బద్దె, అరిగిన మడమ.
"ఇదెవరిదో పోల్చు చూద్దాం" అన్నాను కోడలితో.
పిల్ల పేపరు మీద రెండు వేళ్ళు పెట్టి
పెద్దది చెయ్యబోయింది.
కాయితం కదల్లేదు.