తెల్ల డబ్బా

ఏటా డిసెంబర్ల మున్సిపాలిటీ నాకు
రెండు డబ్బాల బంగారు రంగు, ఒక తెల్ల డబ్బా ఇస్తది.
బంగారు రంగు మొండయ్య ఒంటికి.
తెలుపు ఆయన కాళ్ల కింది మంచుకు.

జమ్మికుంట చౌరస్తాల మంచంటే
నాలుగడుగుల సిమెంటు.
శిల్పి మంచిర్యాలాయన, మంచును ఫ్రిజ్‌లనే చూసిండు.
దక్షిణ ధ్రువంల ఏం తొడుక్కుంటరో తెలువక
గొంగడి కప్పిండు.
ఎవ్వరం తప్పనలే.
చలికి గొంగడి కాక ఇంకేముంటది?

చేతిల దిక్సూచిని రెండుసార్లు ఎత్తుకపోయిండ్రు.
మూడోసారి సిమెంటుతోనే పోసిండ్రు, ముల్లు కదలదు.
చూపుడు వేలు మొదట దక్షిణం దిక్కే ఉండె.
రోడ్డు వెడల్పు చేసిన నాడు
క్రేన్‌తోని లేపి, అటు తిప్పి ఇటు తిప్పి దించిండ్రు.
ఇప్పుడు కొలిపాక మొండయ్య
రైల్వే గేటు అవతలి కల్లు దుకాణం చూపెడుతున్నడు.

జయంతి చేస్తం.
వర్ధంతి లేదు.
గుడారం దొరికింది, ఎడమ కాలి బూటు దొరికింది,
తారీఖు దొరకలే.

బడిపిల్లలు వ్యాసాలు రాస్తరు.
ఎమ్మెల్యే పొద్దెక్కినంక వస్తడు, ఉత్తర ధ్రువం అంటడు,
ఎనుక నుంచి ఎవరో చెవిల చెప్తరు,
ఇంకింత గట్టిగ ఉత్తర ధ్రువమే అంటడు.

హమాలీ ఓదెలు ఈ మీటింగులకు రాడు.
మార్కెట్ యార్డుల బస్తా మీద కూసుంటడు.
అడిగితే ఒక్కటే చెప్తడు:

"జిన్నింగు మిల్లుల దూది కుప్ప, ఇంటెత్తు.
మాకు తొమ్మిదేండ్లు.
వాడు తలకాయ పెట్టి తవ్వుకుంట లోపలికి పోయిండు.
పిలుస్తనే ఉన్న. పలుకు లేదు.
నేను ఏడుపందుకునే యాళ్లకు అటుపక్క బయటపడ్డడు,
కనురెప్పల దాక తెలుపే.
లోపల ఏమున్నదిరా అన్న.
ఏం లేదు, అన్నడు.
ఇంకా ఉన్నది, అన్నడు."

బీడీ ఆరిపోతది. అగ్గిపెట్టె దేవులాడుకుంటడు.

ఈసారి పత్తి బాగ పండింది.
రాత్రంత లారీలు చౌరస్తా చుట్టు తిరిగినయి.
తెల్లారి నిచ్చెన వేసుకొని ఎక్కితే
గొంగడి మడతలల్ల, మీసం మీద,
చూపుడు వేలి గోరు మీద, కనుబొమ్మల మీద
దూది.

కనుబొమ్మలకు నలుపు వేయాలని కాగితంల రాసిచ్చిండ్రు.
గుడ్డ తీసిన.
చెయ్యి లేవలే.
కిందికి చూస్తే ఓదెలు, సైకిల్ పట్టుకొని నిలబడి ఉన్నడు.
తుడువమనలే. ఉండనియ్యమనలే.
ముక్కు చీదుకొని
మిల్లు దిక్కు పోయిండు.

తెల్ల డబ్బా మూత ఈయేడు తియ్యనే లేదు.
బిల్లుల మాత్రం రాసిన.