గాలి అని అడిగితే

అక్టోబరు. బాల్టిక్ సముద్రం ఒడ్డున, పాపె అనే చోట
పిట్టల కాళ్ళకు ఉంగరాలు తొడిగే కేంద్రం.
చీకటి పడకముందే వలలు చుట్టేశారు.
రై రొట్టె మీద వెన్న గడ్డకట్టింది.
వెల్గా వేళ్ళకింకా ఈకల వాసన.

తెర మీద మూడు బాణపు మొనలు
ఊఁ, చెప్పు, అన్నట్టు చూస్తున్నాయి.
ఆమె ఒక్కో ముక్కే చెబుతోంది:
రెక్క యాభై రెండు, బరువు అయిదు గ్రాములు,
రెండు పావలా బిళ్ళలంత ప్రాణం
సముద్రం దాటుదామని బయల్దేరింది.
చివర్న, లెక్క అనే పేరులో
నలభై ఒకటి దాచింది.
పైథాన్ సరేనని కూడా అనలేదు.
మళ్ళీ మూడు మొనలు. ఊఁ, చెప్పు.

గున్వాల్దిస్ రాసిన ఫైలొకటుంది.
పదకొండేళ్ళు ఈ కుర్చీలోనే కూర్చుని
జీతం చాలక వెళ్ళిపోయాడు,
ఇప్పుడు లియెపాయలో ట్రామ్ నడుపుతున్నాడు.

ఇంపోర్ట్, అంది వెల్గా.
ఫైలు పైనుంచి కిందికి ఒక్క గుక్కలో పరుగెత్తి
ఏ గాలికి ఎన్ని పిట్టలో చెప్పింది.
దక్షిణం అనాల్సిన చోట ఉత్తరం అంది.
దిద్దింది. సేవ్ చేసింది. మళ్ళీ ఇంపోర్ట్.
ఉలుకూ లేదు, పలుకూ లేదు.
విన్న కథే కదా అని
మొహం తిప్పుకున్నట్టు.
మళ్ళీ చదివించే మాట ఇంకొకటుంది,
ఆ వేళకది ఆమె నోటికి రాలేదు.

ఇక మొరటు దారి:
తెరువు, చదువు, చదివిందంతా నా ఎదుటే చెయ్యి.
ఎగ్జెక్, ఓపెన్, రీడ్. బ్రాకెట్ కడుపులో బ్రాకెట్.

ఇంపోర్ట్ చేస్తే వచ్చినవాడు
తన గదిలో తన సామానుతో ఉంటాడు,
ఏది కావాలన్నా అతని పేరు చెప్పి
ఒక చుక్క పెట్టి అడగాలి.
ఇది అలా కాదు.
బూట్లతో సహా లోపలికొచ్చి
సంచి నడింట్లో కుమ్మరించాడు.

జవాబు మాత్రం సరిగ్గా వచ్చింది.
ఊపిరి వదిలి, అలవాటుగా, లెక్క, అని అడిగింది.

రెండువేల మూడువందల ఆరు.

ఇవాళ్టి నలభై ఒకటి లేదు.
అతనికీ లెక్క అనే పేరే తోచింది.
ఎవరికి మాత్రం తోచదు?
పేరుకి ఒకటే గిన్నె. అందులో ఇప్పుడు
ఏ ఏటి అక్టోబరో పోసి ఉంది.

పోనీ, తడిసిన నోట్‌బుక్కులో పెన్సిలు గీతలున్నాయి,
అయిదేసి చొప్పున ఎనిమిది కట్టలు, విడిగా ఒకటి.

ఇంకేం వదిలిపోయాడో అని
అతని పేర్లు ఒక్కొక్కటే తట్టి చూసింది.
వలలు: ఏడు.
దీపం: లేదు.
టీ: మూడు. (ఇది ఏ లెక్కకో
ఫైలంతా వెతికినా దొరకలేదు.)
గాలి, అని అడిగింది.

ఆగ్నేయం. వేగం నాలుగు.

బయట వాయవ్యపు గాలి తలుపు గొళ్ళెం ఆడిస్తోంది.
ఈ సెషన్ మూస్తే అతని గాలి ఉండదు,
ఫైలుంటుంది గానీ, అడగ్గానే చెప్పే గాలి ఉండదు.
వెల్గా లేచి గొళ్ళెం బిగించి వచ్చింది.
రొట్టె కొరికింది.
పొద్దున మూస్తాలే అనుకుని
తెర వెలుగు మాత్రం తగ్గించింది.