పడవవాడి పెళ్లాం

గున్సాన్ ఓడరేవు వెనక సందులో
మేడమీది కంప్యూటర్ గేముల గదిలో
కళ్లద్దాల మీది రామెన్ ఆవిరి తుడుచుకుంటూ
ప్యో దొక్‌సూ చెబుతుంటాడు, వినేవాళ్లుంటే:

అప్పట్లో ఆటకి కథ లేదు.
ఒక నది, ఒక రేవు, ఒక పడవవాడు.
వాడికొచ్చినవి రెండే ముక్కలు:
"నీళ్లు పెరిగాయి. రేపు రా."
ఆ రేపు కోసం మూడు నెలలు
నూట పన్నెండుమందిమి ఒడ్డున కూర్చున్నాం.
ఊరికే కూర్చోలేక
వాడికో చచ్చిపోయిన పెళ్లాన్ని కల్పించాం.
ఆమెకి ఏ పేరు పెట్టాలన్న దాని మీద
రెండు ముఠాలై కత్తులు దూసుకున్నాం.
ఓడినవాళ్లు ఎగువకి పోయి
వేరే ఊరు కట్టుకున్నారు.

తర్వాత కంపెనీ రచయితల్ని పెట్టింది.
పడవవాడికి గొంతొచ్చింది, గతమొచ్చింది,
ఎడమ చెంప మీద గాటు కూడా వచ్చింది.
పెళ్లాం మాత్రం రాలేదు.
ఇప్పుడు ఎవరొచ్చినా లేచి నిలబడతాడు,
"నీకోసమే చూస్తున్నా, వీరుడా!"
వరసలో ఉన్న నలభైమందికీ
నలభైసార్లు అదే మాట, అదే వణుకు.

నిన్న తొమ్మిదో సీట్లో
బడి యూనిఫాం విప్పని నా బోమి
ఆ మాటల్ని టకటకా దాటేసి
ఎందుకో పడవెక్కలేదు.
"తాతా, ఇతనికి ఎవరూ లేరా?"

దొక్‌సూ పొయ్యి ఆర్పేశాడు.
కుర్చీ ఈడ్చుకుని కూర్చున్నాడు.
"ఉండేది. ఆమెకి రెండు పేర్లు.
ముందు
ఓడినవాళ్లం పెట్టుకున్నది చెబుతా."