ఊదు, ఇంకా ఊదు

ఎర్రగడ్డ దవాఖాన, ఏడో నంబరు గది.
అట్టగొట్టం నోట్ల పెట్టి
"గట్టిగ ఊదు దస్తగిరి భాయ్, ఇంకా, ఇంకా" అన్న.
రోజుకు నలభైమందికి చెప్పే మాటే.

ఆయన నవ్విండు.
"నాకే ఊదుడు నేర్పుతున్నవా బేటా?
మదీనా నుంచి శాలిబండ దాకా
పెండ్లికొడుకు గుర్రం ముంగట
ఒక్క దమ్ముల క్లారినెట్ ఊదినోణ్ణి."

ఊదిండు.
తెర మీద గీత లేవబోయి
మోకాళ్లు పట్టుకొని కూలబడ్డది.

బీడీ? ఎన్నడూ ముట్టలే.
ఇల్లు? కాటేదాన్ల, రబ్బరు కాల్చే షెడ్డు ఎనక.
ఫారంల బీడీకి గడి ఉన్నది,
షెడ్డుకు లేదు.
అంచుకు సన్నగ రాసిన:
పొగ. రాత్రి పన్నెండు దాటినంక.

"మనుమడికి నేర్పుదమనుకున్న.
వాని బడిసంచిల గూడ
ఈ నీలం పంపే."

మరి క్లారినెట్?
"పెట్టెలున్నది. శుక్రవారం శుక్రవారం తీసి తుడుస్త.
గుడ్డ నల్లగైతది.
దాన్నంటే తుడవొచ్చు..."

దగ్గు ఆగేదాంక
గోడ మీది క్యాలెండరు చూసిన.

"ఇంకో రెండుసార్లు ఊదాలె భాయ్.
మూడిట్ల మంచిదే
లెక్కకు తీసుకుంటం."