ఇద్వాల్ ఎడమచేయి

చేపలు తూచే స్ప్రింగు కాటా అది.
కొక్కేన్ని క్లచ్ లీవర్ కొసకు తగిలించి లాగాను.
ముల్లు ఎనిమిది కిలోల దగ్గర ఆగింది.
అదే కొక్కేన్ని తర్వాత
ఇద్వాల్ వేళ్లకు అందించాను.
నాలుగున్నర.
"చలికాలం గదా" అన్నాడు,
తప్పంతా వాతావరణానిదైనట్టు.

మా వేల్స్ కొండల్లో ఇంటికప్పూ పలకే,
దొడ్డి గోడా పలకే,
పోయినవాళ్ల తలాపున నిలబెట్టేదీ పలకే.
ముప్పై ఒక్క ఏళ్లు
కొండ పొట్టలో డ్రిల్లు పట్టుకున్నాడతను.
డ్రిల్లు ఆగింది. క్వారీ మూతబడింది.
వణుకు మాత్రం ఎముకల్లో కాపురం పెట్టింది.
మబ్బు పడితే చాలు
వేళ్లు ఒకటొకటే తెల్లబడతాయి,
సుద్దముక్కల్లా.
ఇంత పలక చుట్టూ ఉండి
ఒక్క అక్షరం రాయలేని సుద్దముక్కలు.

"బండి అమ్మేయండి" అంది డాక్టరమ్మ.
"నా కారులో తిప్పుతాలే" అన్నాడు తమ్ముడు గెథిన్.
అతను బండిని నా షెడ్డు దాకా
తోసుకుంటూ తెచ్చాడు, మైలున్నర, వానలో.
"లోవ్రీ, నువ్వు రైలింజన్లకే
కీళ్లు మారుస్తావట గదా!"

నిజానికి ఇందులో పెద్ద విద్యేం లేదు,
గునపంతో రాయి పెకలించినవాడికెవడికైనా తెలిసిందే.
గేర్‌బాక్సు పక్కన, కేబుల్ లాగే చోట
ఇనప ముక్క ఒకటుంటుంది. దాన్నీ చేయి అనే అంటాం.
ఆ చేయి పొడుగు చేస్తే ఈ చేతికి బరువు తగ్గుతుంది.
తగ్గిన బరువు ఎక్కడికీ పోదు,
దూరంగా మారి కూచుంటుంది.
లీవర్ ఇంకా లోపలికి రావాలి,
అతని పిడికిలి అంతగా మూసుకోదు.
ఇనుము వడ్డీ వ్యాపారి.
అసలు మాఫీ అంటూనే
ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకుంటుంది.

మూడు చేతులు కోశాను.
మొదటిదానికి లీవర్ వెన్నలా కదిలింది,
క్లచ్ పూర్తిగా విడలేదు.
ఎర్రదీపం ముందు బండి
తాడు తెంచుకునే మేకలా గుంజింది.
రెండోది వంగింది.
మూడోది పద్నాలుగు మిల్లీమీటర్లు పొడుగు,
నున్నటి కొత్త కేబుల్,
లీవర్ హ్యాండిల్‌కి కాస్త దగ్గరగా,
గ్రిప్పు మీద పాత సైకిల్ ట్యూబు రెండు చుట్లు.
ముందు బ్రేకు బాధ్యత కూడా
కుడికాలికే అప్పజెప్పాం.
కాటా తగిలించాను.
ఐదు.

ఆ అరకిలో ముందు
ఇద్దరం వారం రోజులు కూచున్నాం.
చేతులెత్తేద్దామా అనబోయి
ఎవరితో అంటున్నానో గుర్తొచ్చి ఊరుకున్నాను.
ఆఖరికి మెతక స్ప్రింగులు వేశాను.
"ఎత్తు మీద క్లచ్ జారుతుందేమో" అన్నాను.
"జారనీ. ఎక్కడికెళ్లినా కిందకేగా,
కింద మా ఇల్లే" అన్నాడు.

మార్చి ఆదివారం కనుమ దారి పట్టాడు.
షెడ్డులోంచి వింటూ నిలబడ్డాను.
రెండో గేరు. మూడు.
మలుపు దగ్గర మళ్లీ రెండు,
ఆ మార్పులో చిన్న తడబాటు.
తర్వాత కొండ చప్పుడంతా మింగేసింది.

రెండు గంటలకు తిరిగొచ్చాడు.
హెల్మెట్ తియ్యకుండానే
కంచె మీద మిగిలిన మంచు గురించి,
దారికడ్డంగా పడుకున్న గొర్రె గురించి,
క్లచ్ ఒక్కసారే జారిన సంగతీ చెప్తున్నాడు.
ఇంతగా మాట్లాడగా ఎప్పుడూ చూళ్లేదు.
టీ ఇచ్చాను. రెండరచేతుల మధ్యా పట్టుకున్నాడు.
తాగలేదు.
"పైన టీ కొట్టు తెరిచారా?"
"తెరిచారు. ఆగాను.
లోపలికి పోలేదు."

అప్పుడు చూశాను,
గడ్డం కింద పట్టీ, దాని ఎర్ర బొత్తం,
బొత్తం చుట్టూ గోళ్లతో గీసుకున్న గీతలు.

ఏమీ అడగలేదు. ముందుకొచ్చాను.
తల కాస్త పైకెత్తి
గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.
టక్కుమంది.
నా వేళ్ల నూనె అతని గడ్డానికి అంటింది.
టీ అప్పటికి చల్లారిపోయింది,
అదే తాగాడు.

కాటా మేకుకి వేలాడుతూనే ఉంది.
బ్రేకు తూచాను, క్లచ్ తూచాను,
గ్రాముల్లో రాసి పెట్టుకున్నాను.
ఆ బొత్తం నొక్కడానికెంత బలం కావాలో
తూచాలని తోచనే లేదు.