బ్రేకు

రాత్రి రెండింటికి
నా పక్కన ఒక రైలు ఆగలేక ఆగలేక పోతుంటుంది.

బెల్మీరో నిద్రలోనే ఉంటాడు, వెల్లకిలా,
నోరు కొంచెం తెరుచుకుని.
కుడిచెయ్యి మాత్రం మేలుకుని ఉంటుంది.
దుప్పటి అంచు దొరకబుచ్చుకుని
వెనక్కి లాగుతుంది, లాగుతూనే ఉంటుంది
మణికట్టు మీద నరాలు తాళ్ళలా తేలేదాకా.

ఎనిమిది నెలలు.
దోరు నది పక్కన, రేగ్వా దాటాక, పొగమంచులో,
కాపలా లేని గేటు దగ్గర
పసుప్పచ్చ రెయిన్‌కోటులో ఎవరో ఒక మనిషి.
బ్రేకు వేశాడు. వేయాల్సిన క్షణంలోనే వేశాడు.
విచారణ కాగితం కూడా అదే అంది, ముద్ర కొట్టి మరీ.
కాని అంత బరువు మాట వినడానికి
చాలా దూరం కావాలి.
అంత దూరం అక్కడ లేదు.

నీ తప్పు కాదన్నారు అందరూ.
నేనూ అన్నాను. బేకరీలో రొట్టెలు సర్దుతూ,
స్నానాల గది తలుపు బయట నిలబడి,
అనీ అనీ ఆ మాట
పాత నాణెంలా అరిగి నున్నబడింది.
తల ఊపేవాడు. తలకు అర్థమైంది.
చేతికి ఎవరు చెప్పాలి?

భయానికి కాలూ చెయ్యీ ఆడలేదంటాం.
ఇతనికి చెయ్యి ఆడటం ఆగలేదు.

రైల్వే వాళ్ళు పంపితే వెళ్ళాడు,
పోర్తోలో చెప్పుల కొట్టు మీది మేడగదికి.
ఎర్మెలిండా అని ఒకావిడ, పొట్టిగా, ఉన్ని మేజోళ్ళతో.
మొదటి రోజు
ఏం జరిగిందని అడగనేలేదట.
"బూట్లు విప్పండి. నేల ఎలా ఉంది?" అందట.
చల్లగా, అన్నాడట.
ఇంకా?
ఎడమ మడమ కింద ఒక మేకు తల.
అరగంట సేపు ఆ మేకు గురించే మాట్లాడుకున్నారు.
డబ్బు దండగ, అన్నాను నేను.

తర్వాతి వారాల్లో ఆవిడ రెండు వేళ్ళు
కుడికీ ఎడమకీ కదిలేవట,
ఇతని కళ్ళు వాటి వెంట.
కొంచెం పసుపు రంగు చెప్పేవాడు.
చాలు, అనేది. మేకు దగ్గరికి రండి.
కొంచెం చక్రాల చప్పుడు. మళ్ళీ మేకు.
మరిగే పాలగిన్నెను దించుతూ పెడుతూ
పొంగనివ్వకుండా కాచినట్టు.

పదో వారం తువ్వాలు చుట్టి చేతికిచ్చిందట.
"ఆ బ్రేకు ఇంకా పూర్తవలేదు కదా.
ఈసారి నెమ్మదిగా లాగండి. ఆగేదాకా."
లాగాడు.
భుజం వణికింది, తర్వాత దవడ, తర్వాత మోకాళ్ళు,
చలిజ్వరం వచ్చిన పిల్లాడిలా.
ఆవిడ పట్టుకోలేదు, ఆపలేదు.
చివరికి ఏడుస్తాడనుకుంటే
పెద్దగా ఆవలించాడట.

ఆ రాత్రి మూడు గిన్నెల ఆకుకూర సూపు తాగాడు.
పడుకున్నాడు.
దుప్పటి మీద అరచెయ్యి తెరిచే ఉంది,
చిల్లర కోసం చాపి మరిచిపోయినట్టు.
నేనే తెల్లారేదాకా దాన్ని చూస్తూ కూర్చున్నాను.
అలవాటు.

నయమైందా అంటే, ఏమో.
వీధిలో పసుప్పచ్చ కోటు కనిపిస్తే ఇప్పటికీ ఆగిపోతాడు.
బూటులో ఎడమ మడమ నొక్కి
లేని మేకును వెతుక్కుంటాడు.
"నేల ఉంది" అని పెదాలు కదులుతాయి.
అప్పుడు నడుస్తాడు.

పోయిన ఆదివారం పిన్యావ్‌కి టికెట్లు కొన్నాడు, రెండు.
కిటికీ సీటు తనే తీసుకున్నాడు.
గేటు దగ్గర ఇప్పుడు ఎరుపు తెలుపు అడ్డకర్ర ఉంది,
దానికి ఎవరో కట్టిన ప్లాస్టిక్ పూలు.
దాటుతుంటే ఊపిరి వదిలాడు, పొడుగ్గా,
కిటికీ అద్దం మసకబారేంత.

అప్పుడు చూసుకున్నాను.
నా కుడికాలు పెట్టె నేలని తొక్కిపట్టి ఉంది,
పిక్క రాయిలా, వేళ్ళు తిమ్మిరెక్కి,
ఎప్పటినించో తెలీదు.

బెల్మీరో నా కాలి వంక చూశాడు.
నీ తప్పు కాదు అనలేదు.
వంగి
నా బూటు తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు,
ఆ కుడిచేత్తోనే.
"నేల ఎలా ఉంది, ఒటీలియా?"